ఏడవకుండా వచ్చిన గోరి

ఆదివారం పదకొండింటి లోపల సోమ్లి చేయాల్సిన పనులు:

నానబెట్టిన గుడ్డలు ఉడకబెట్టి, పక్కవాళ్లకు కనిపించకుండా పెరట్లో లోపలి తీగ మీద ఆరేయడం.

లాలుకు పాలు. సక్రికి తల దువ్వి, ఏడో ఎక్కం అప్పజెప్పించుకోవడం.

యాడికి, అంటే అమ్మకు, నొప్పి సూది వేయడానికి పక్కింటి నర్సమ్మను పిలవడం. యాడి "ఇది దేనికి?" అని అడిగితే "రక్తం పట్టడానికి" అని చెప్పమని ఆమెను మళ్లీ బతిమాలుకోవడం.

హైదరాబాదు దవాఖానా కాగితాలు బియ్యం డబ్బా వెనక నుంచి తీసి బీరువా మీదికి మార్చడం. నిన్న యాడి బియ్యం డబ్బా జరిపింది.

బస్టాండుకు పోయి గోరి పెద్దమ్మను తీసుకురావడం. ఇంటికి వచ్చే దారిలో మరోసారి గట్టిగా చెప్పడం: ఏడవొద్దు.

పదింటికల్లా చివరిది తప్ప అన్నీ అయ్యాయి. కానీ నర్సు విశ్రాంతమ్మ సూది వేసి బయటకు వచ్చి, పెరట్లో చేతులు కడుక్కుంటూ గొంతు తగ్గించింది.

"టీచరమ్మా, ఇరవై ఆరేళ్లుగా సూదులు వేస్తున్నాను. అబద్ధం చెప్పి వెయ్యటం మాత్రం మీ ఇంట్లోనే నేర్చుకున్నా. మీ అమ్మగారు నా మొహంలోకి చూస్తున్నారు. నేనేమో గోడ మీద క్యాలెండర్ చూస్తున్నా. ఇప్పుడు చర్చికెళ్లి ప్రభువుకేం చెప్పను?"

"ఇంకొన్ని దినాలే అమ్మా."

"ఆ మాట పోయిన ఆదివారం కూడా అన్నావు."

ఆమె వెళ్లిపోయింది. తలుపు దగ్గర సోమ్లి భర్త హేమ్లా నిలబడి ఉన్నాడు. ఆర్టీసీ కండక్టరు, ఆ రోజు డ్యూటీ లేదు. రెండేళ్ల లాలు అతని భుజం మీద ఉన్నాడు.

"నర్సమ్మ అన్న దాంట్ల తప్పేమున్నది?" అన్నాడు. "ఆరు వారాలైంది. ఎన్ని దినాలు దాస్తవ్?"

ఆరు వారాల కింద హైదరాబాదులో డాక్టరు సోమ్లినీ హేమ్లానూ వరండాలోకి పిలిచి చెప్పాడు. గర్భసంచిలో మొదలైన కాన్సరు కడుపంతా పాకింది. రేడియేషన్ కరెంటు పెట్టినా లాభం లేదు. నాలుగు నెలలు. నొప్పి తెలియకుండా చూసుకోండి. లోపల బల్ల మీద కూర్చున్న తల్లి బాలి, "ఏమన్నడు?" అని అడిగితే సోమ్లి, "పుండు యాడీ. మందులతోని మానుతదట," అంది. ఆ మాట నోటికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోలేకపోయింది.

"చెప్తే తినుడు బంద్ జేస్తది," అంది ఇప్పుడు. "మా బాపు పోయినప్పుడు పదకొండు దినాలు ఉత్త నీళ్ల మీద ఉన్నది. నువ్వు జూడలే. నేను జూసిన."

"గోరి పెద్దమ్మ వచ్చినంక దాగుతదా?"

"ఆమె నోరు నేను చూసుకుంట. ఉత్తరంల రాసిన. ఏడుపు ఒక్కటి ఆగితే సాలు."

* * *

కొత్తగూడెం బస్సులోంచి గోరి దిగింది. తెల్లవారుజామున కారేపల్లిలో రైలెక్కిన మనిషి. అద్దాల రవిక, భుజం మీద మూట, మూటలో జొన్నరొట్టెలు. బాలి కన్నా నాలుగేళ్లు పెద్దది. నడకలో మాత్రం పదేళ్లు చిన్నది.

"నీ ఉత్తరం మా సర్పంచి కొడుకు సదివిండు. వాడు తప్పు సదివిండేమో అని ఇంకొకని తోని సదివిచ్చిన. ఏడవద్దని రాసినవట. నిజమేనానే?"

"నిజమే పెద్దమ్మా."

"ఏడవకుంట ఎట్ల కలుస్తమే? మేమేమన్న ఆఫీసరు సార్లమా, ఎదురువడ్డప్పుడు చేతులు జోడిచ్చుకునేటందుకు?"

తండాలో ఆడవాళ్ల పద్ధతి అది. చాలా రోజుల తర్వాత కలిస్తే కొంగు ముఖం మీదికి లాక్కుని, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి, రాగం తీసి ఏడుస్తారు. కిందటిసారి కలిసినప్పటి నుంచి ఇవాళ్టి దాకా పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, ఎండిన చేలు, ఈనిన బర్రెలు, అన్నీ ఆ ఏడుపులోనే ఒకరికొకరు చెప్పుకుంటారు. అయిపోయాక ముఖం తుడుచుకుని నవ్వుతూ కూర్చుంటారు.

సోమ్లి తొమ్మిదో ఏట హాస్టల్లో చేరింది. ఒకసారి బాలి హాస్టలుకు వచ్చి గేటు దగ్గర బిడ్డను పట్టుకుని అట్లాగే రాగం తీసింది. అమ్మాయిలంతా కిటికీల్లోకి వచ్చి చూశారు. "ఇక్కడ గట్ల ఏడవకు యాడీ, నవ్వుతరు," అంది సోమ్లి. ఆ తర్వాత బాలి బిడ్డతో ఎప్పుడూ అట్లా ఏడవలేదు. ఇరవై ఏళ్లు అయింది. సోమ్లికి ఇప్పుడు ఏడుపంటే ఏడుపే.

"యాడికి రోగం సంగతి తెల్వదు," అంది. "నువ్వు ఏడిస్తే అనుమానపడ్తది."

"ఏడిస్తెనా?" గోరి ఆగిపోయి చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "సోమ్లీ, నువ్వు సదువుకున్నదానివి. బాగ ఆలోచించినవా?"

"బాగ ఆలోచించిన."

"మరి నేనేం జెయ్యాలె?"

"బాగున్నవా అని అడుగు. నవ్వు."

"నవ్వాల్నా!"

"కొంచెమే."

గోరి మూట ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. గోదావరి వైపు నుంచి వచ్చే గాలికి కొంగు జారుతుంటే సర్దుకోకుండా, పరీక్షకు పోయే పిల్లలాగా దారి పొడుగునా, "బాగున్నవా చెల్లె, బాగున్నవా చెల్లె," అని గొణుక్కుంటూ నడిచింది.

* * *

బాలి గడపలో నిలబడి ఉంది.

డాక్టరు మంచం దిగొద్దన్నాడు. ఆమె దిగింది. సక్రితో పెట్టె తీయించుకుని మంచి ఓణీ కప్పుకుంది. ఒక చేత్తో తలుపుచెక్క పట్టుకుంది. అక్క వీధి మలుపు తిరగడం చూసి తలుపుచెక్క వదిలేసి, ఓణీ నుదుటి మీది నుంచి ముఖం కిందిదాకా లాక్కుని, రెండు చేతులూ చాపింది.

గోరి మూడడుగుల దూరంలో ఆగింది. ఏడుపు మింగింది. సోమ్లి వైపు చూసింది. సోమ్లి కళ్లతోనే "ఊఁ" అంది.

"బాగున్నవా చెల్లె?" అంది గోరి. నవ్వింది కూడా.

బాలి చేతులు అట్లాగే గాలిలో ఉన్నాయి. ఎంతసేపు ఉన్నాయో. పక్కింటి గోడ మీద కూర్చున్న సక్రి, "అమ్మమ్మా, పడ్తవ్!" అని అరిచేదాకా ఉన్నాయి.

అప్పుడు చేతులు దించి ఓణీ వెనక్కి వేసుకుంది.

"లోపలికి రా," అంది. ఇంటి నంబరు రాసుకోవడానికి వచ్చిన మనిషితో మాట్లాడే గొంతు అది.

హమ్మయ్య అనుకుంది సోమ్లి. నిజంగా అట్లాగే అనుకుంది.

* * *

అన్నాలకు కూర్చున్నారు. సక్రి తొందరగా తిని ఆటకు పోయింది. బాలి కంచంలో ముద్ద కలిపి అట్లాగే పెట్టుకుంది.

"తిను యాడీ."

"తింట." తినలేదు. "అల్లుడా."

"ఏంది అత్తా?"

"ఎన్ని దినాలున్నయ్?"

"దేనికి?"

"నా సావుకు."

గిన్నెలో గరిటె పెట్టబోతున్న సోమ్లి చెయ్యి ఆగింది. "ఏంది యాడీ ఆ మాటలు! పుండు అన్నం గదా—"

"నిన్నడగలే. అల్లుణ్ని అడుగుతున్న."

"గట్లని ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు హేమ్లా.

"మా అక్క చెప్పింది."

గోరి నోట్లో రొట్టెముక్క అట్లాగే ఉండిపోయింది. "నేనా! ఒట్టు. సోమ్లీ, నేనేమన్ననే? బాగున్నవా అన్న. గంతే!"

"గదే చెప్పుడు," అంది బాలి. "మన బాపు పోయిన ఏడు కలిసినం, ఏడ్చినం. సోమ్లికి నౌకరి వచ్చిందని నువ్వొస్తివి, ఏడ్చినం. లాలుగాడు పుట్టినప్పుడు గా గడపల్నే ఇద్దరం గంటసేపు ఏడిస్తే కిరాయింటోళ్లు ఎవరు పోయిండ్రని అడగొచ్చిరి. మంచికీ చెడుకూ ఏడ్చినోళ్లం. ఇయ్యాల నువ్వు నన్ను ముట్టుకోను గూడ ముట్టుకోలే. ఏడుపు మొదలువెడితే ఆపుకోలేననే గదా నీ భయం? గంత పెద్దది ఏమున్నది దాసేటందుకు?"

లాలు చెంచాతో గిన్నె కొడుతున్నాడు.

"అల్లుడా. నిన్నే."

హేమ్లా తల ఎత్తకుండా, టికెట్టు రేటు చెప్పినట్టు చెప్పాడు. "నాలుగు నెలలన్నరు. ఆరు వారాలు పోయినయ్."

బాలి వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టుకుంది. "బీడీ ఆకు కోతల నాటికి," అంది తనలో తాను. తర్వాత సోమ్లి వైపు తిరిగింది.

"ఆరు వారాల కింద నేను నీళ్ల బిందె ఎత్తిన."

"యాడీ—"

"నడిచిన. బజారుకు పోయిన. గప్పుడే చెప్తే కారేపల్లికి పోదును. మన చిన్నమ్మ బిడ్డల తండాలకు పోదును. ఒక్కొక్కరి మీద పడి ఏడ్చి, వాళ్ల ఇంట్ల ఇన్ని నీళ్లు తాగి వద్దును. తగ్గినంక పోవచ్చని నువ్వంటివి. నేను తగ్గుతదని కూసున్న. ఇప్పుడు గడప దాక పోతే కాళ్లు వణుకుతున్నయ్. గా దినాలు ఎవరిస్తరు నాకు? నువ్విస్తవా?"

"నువ్వు తినవని... బాపు పోయినప్పుడు లెక్క—"

"తిండి నా ఇష్టం. బతుకు నాది. నీ బళ్లె సదివే పిల్లను అనుకున్నవా నన్ను?"

"నాకేం తెల్వాలె యాడీ? నాకు భయమైంది!"

"భయం నీకైతే, నోరు నాకు కట్టేసినవ్. మా అక్కకు గూడ కట్టేసినవ్." బాలి కంచం పక్కకు నెట్టింది. "రేపు పొద్దుగాల బస్సుకు అక్కతోని తండాకు పోత. నా కోసం అక్కడ కట్టెలు కొట్టేటోళ్లున్నరు, ఏడ్చేటోళ్లున్నరు."

"పోవద్దు!" సోమ్లి లేచి నిలబడింది. "ఆడ దవాఖానా ఉన్నదా? సూది వేసేటోళ్లున్నరా? నొప్పి లేస్తే ఎవరికి చెప్తవ్? నువ్వు పోతే ఈ పిల్లల్ని ఎవరు చూస్తరు?"

ఆ చివరి మాట అన్నాక గానీ ఆమె చెవికి వినపడలేదు.

హేమ్లా కళ్లు మూసుకున్నాడు. గోరి రొట్టె కింద పెట్టింది. లాలు కూడా ఎందుకో గిన్నె కొట్టడం ఆపాడు.

"గందుకా," అంది బాలి.

"కాదు. గట్ల కాదు యాడీ. నేను అన్నది—"

"గందుకే అయితే తప్పేం లేదు. కొలువు చేసేదానివి. కానీ అడిగితే చెప్పేదాన్ని గదా బిడ్డా."

కాదు అని మళ్లీ అనాలనుకుంది సోమ్లి. ఈ నాలుగేళ్లూ ఆమె పొద్దున్నే ఆశ్రమ పాఠశాలకు పోయి పాఠం చెప్పగలిగిందంటే ఇంట్లో బాలి ఉండబట్టే. అది అబద్ధం కాదు. రాత్రిళ్లు తల్లి ఊపిరి వినడానికి లేచి కూర్చునేది కూడా అబద్ధం కాదు. ఏది ఎంతో ఆమె ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

అప్పుడు గోరి లేచింది. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. చెల్లెలి ముందు మోకాళ్ల మీద కూలబడి, కొంగు ముఖం మీదికి లాక్కుని, ఆమె భుజం మీద తల పెట్టింది. పొద్దున రైలెక్కినప్పటి నుంచి మింగిందంతా ఒక్కసారి రాగమై లేచింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గంపలో మోసిన పిడకల నుంచి ఎత్తుకుంది. బాలి గొంతు ఒక క్షణం ఆలస్యంగా కలిసింది. సన్నగా, అరిగిపోయి ఉంది ఆ గొంతు. అయినా పట్టు వదల్లేదు.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి.

సక్రి ఆట మధ్యలో పరిగెత్తుకొచ్చింది. రెండో తరగతి పిల్ల. గుమ్మంలో ఆగి అందర్నీ లెక్క పెట్టినట్టు చూసింది. "ఎవరు సచ్చిపోయిండ్రు?"

బాలి ముఖం మీది ఓణీ తీసింది. "ఎవరూ పోలే బిడ్డా. నేను పోత. కొన్ని దినాలైనంక."

"యాడీ! చిన్నపిల్ల అది!"

"నాకు దాసినట్టు దానికి గూడ దాయాల్నా?"

సక్రి లోపలికి ఒక అడుగు వేసింది. "పరీక్షలకు ముందుగాలనా, తర్వాతనా?"

"ముందుగాల పోకుండ చూస్త."

"లాలుకు తెలుసా?"

"వానికి రొట్టె తప్ప ఏం తెల్వదు."

గోరి ఏడుస్తూనే నవ్వింది. ముక్కు తుడుచుకుంది. సక్రి వచ్చి అమ్మమ్మ మోచేతి కింద దూరి కూర్చుంది. బాలి తల ఎత్తి సోమ్లిని చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"రా. నువ్వు గూడ కూసో."

సోమ్లి కూర్చుంది. తల్లి భుజం మీద తల పెట్టింది. మందుల వాసన, దాని కింద పాత పొగాకు వాసన. బాలి ఎదురుచూసింది. గోరి రాగం తగ్గించి చోటిచ్చింది.

సోమ్లికి అర్జీ రాయడం వచ్చు. నలభై మంది పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం వచ్చు. ఈ రాగం ఎక్కడ మొదలుపెట్టాలో, మొదటి మాట ఏదో రాలేదు. కళ్ల నీళ్లు మాత్రం వచ్చాయి, చప్పుడు లేకుండా. వీపు కర్రలాగా బిగుసుకుంది.

బాలి ఆ వీపు మీద రెండుసార్లు తట్టింది.

"పోనీ తియ్," అంది. "లాలుకు మూతి కడుగు పో."

* * *

సాయంత్రం నాలుగింటికి విశ్రాంతమ్మ వచ్చింది. చర్చి నుంచి వస్తూ వీధిలో ఏడుపుల సంగతి విని పరిగెత్తుకు వచ్చి, విషయం తెలిసి అరుగు మీద చతికిలబడింది.

"చెప్పేశారా! అమ్మయ్య. ఇక నేను క్యాలెండర్ చూడక్కర్లేదు." అంతలోనే గోడ పక్కన కట్టి పెట్టిన బట్టల మూట చూసింది. "ఇదెక్కడికి?"

"తండాకు," అంది బాలి మంచం మీద నుంచి.

"బాగుంది. బస్సు కుదుపులకు కొత్తగూడెం చేరేలోపే నొప్పి మొదలవుద్ది. ఎవరేస్తారు సూది? బస్సు డ్రైవరా?"

"నాకు నేర్పు," అంది గోరి.

"ఏంటి?"

"సూది నాకు కొత్తనా? గిది చూడు." ఓణీ అంచు ముందుకు చాపింది. అంగుళానికి నాలుగు అద్దాలు, చుట్టూ ఎర్రదారం, పచ్చదారం.

"గుడ్డకి నొప్పుండదు పెద్దమ్మా."

"నాకు ఉంటది గదా."

విశ్రాంతమ్మ ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత ఇంటికి పోయి ఒక పాత సిరంజి, ఒక బత్తాయి తెచ్చింది. పెరట్లో ఇద్దరూ కూర్చున్నారు. నీళ్లు ఎట్లా ఎక్కించాలి, గాలిబుడగ ఎట్లా పోగొట్టాలి, ఎంత లోతు. మొదటిసారి బత్తాయి పగిలింది. నాలుగోసారికి విశ్రాంతమ్మ, "మా దవాఖానాలో కొత్తపిల్లల కన్నా నయం," అని ఇంకో బత్తాయి తేవడానికి లేచింది.

హేమ్లా అప్పటికే డిపోకు పోయి రేపటి బస్సులో ముందు సీటు పెట్టించి వచ్చాడు. సోమ్లి అతణ్ని పలకరించలేదు. ఆరేసిన గుడ్డలు మడతపెట్టే వంకతో పెరట్లోకి పోయి గోరి పక్కన వంగింది.

"పెద్దమ్మా. నీకు రాదని చెప్పు."

గోరి తల ఎత్తలేదు.

"చేతులు వణుకుతున్నయని చెప్పు. నువ్వు తీస్కపోనంటే ఆమె ఆగుతది. నేను సెలవు పెడ్త. జీతం లేకున్న మంచిదే. పిల్లల కోసం కాదు పెద్దమ్మా, నీ మీద ఒట్టు. ఆమెతోని నాకు ఇంకా..." మాట తెగింది. "ఆమెతోని నేను ఒక్కసారన్న సరింగ కూసోలే. ఇయ్యాల పిలిస్తే గూడ నాకు చాతగాలే. ఇంకొన్ని దినాలు నా దగ్గర ఉండనియ్యి. ఒక్క మాట చెప్పు, సాలు."

గోరి సిరంజిలోకి నీళ్లు లాగింది. వెలుతురుకు ఎత్తి చూసింది.

"పొద్దున నువ్వు చెప్పినట్టే చేసిన," అంది. "దాని చేతులు గాలిల ఉంటే నిలవడి చూసిన. నవ్విన గూడ."

"గది తప్పే. నా తప్పే. కానీ ఇది—"

లోపలి నుంచి బాలి పిలిచింది. "అక్కా! ఏమంటున్నది అది?"

సోమ్లి రెండు చేతులూ జోడించింది. తల అడ్డంగా ఊపింది.

గోరి ఆ చేతుల వంక చూసింది. సోమ్లి ఆ ఇంటి బిడ్డ, తను పేరు పెట్టిన బిడ్డ. తండాకు మొదటి ఉత్తరం రాసింది తనకే. గోరి ముఖంలో ఆ క్షణాన ఏం జరిగిందో సోమ్లికి స్పష్టంగా కనిపించింది. ఆమె దవడ ఒకసారి బిగుసుకుంది, వదిలింది.

"నిన్ను తీస్కపోవద్దంటున్నది చెల్లె!" అంది వీధి చివరిదాకా వినపడేట్టు. "నాకు సూది రాదని చెప్పుమంటున్నది! నాకు వచ్చింది!"

లోపల మంచం కిర్రుమంది. ఎవరో లేవడానికి ప్రయత్నించి మళ్లీ కూర్చున్న శబ్దం.

"గది నాతోనే వచ్చి చెప్పుమను," అంది బాలి గొంతు. "అందరి తోని చెప్పింది. ఒక్క నాతోనే చెప్పలే."

సోమ్లి చేతిలో మడతపెట్టిన గుడ్డలు ఉన్నాయి. గుమ్మం ఐదడుగుల దూరంలో ఉంది. హేమ్లా అడ్డు తప్పుకున్నాడు. ఆమె ఒక అడుగు వేసి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక అక్కడే నిలబడింది.

చదివేవారికి ఒక మనవి. సోమ్లి లోపలికి పోయిందా, పోతే ఏమంది అన్నదే ఇప్పుడు మీ మనసులో ఉంటుంది. ఉండనీయండి. కానీ పెరట్లో కూర్చున్న గోరిని గుర్తుంచుకోండి. ఆమె ఎవరికీ చెడు తలపెట్టలేదు. పొద్దున బిడ్డ మాట విని చెల్లెల్ని బాధపెట్టింది, సాయంత్రం చెల్లెలి మాట విని బిడ్డను బాధపెట్టింది. ఆమెను ఓదార్చడానికి ఆ ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. మీరైనా గుర్తుంచుకోండి.